పెద్దమ్మ కొంగులో మూడు ఫ్యూజులు

గదిలో ఉన్నవాళ్లు: మంచం మీద పెద్దబాపు, అంటే మా పెద్దనాన్న, పక్కన స్టూలు మీద పెద్దమ్మ, గోడకు ఆనుకుని నేను. ఉన్నవి: సెలైన్ లేని సెలైన్ స్టాండు, దానికి వేలాడుతున్న పెద్దబాపు కండువా, చప్పుడెక్కువ, గాలి తక్కువ ఉన్న ఫ్యాను, ఒక లీటరు నీళ్ల సీసా, దాని మీద తెల్ల ప్లాస్టరు ముక్కలతో పెద్దమ్మ అతికించిన నాలుగు గీతలు, చూడ్డానికి వచ్చినవాళ్లు తెచ్చిన బత్తాయిలు, నాలుగు వల సంచుల నిండా. కిటికీ గట్టు మీద బత్తాయిలు, మందుల బల్ల మీద బత్తాయిలు, మంచం కింద చెప్పుల పక్కన బత్తాయిలు. పరకాల నుంచి వచ్చిన మేనత్త తెచ్చిన సంచికి చోటు లేక తలుపు గొళ్లేనికి తగిలించాం. వాటిలో ఒక్కటి కూడా పెద్దబాపు తినడానికి లేదు. గుండె బలహీనపడి కాళ్లలోకి నీరు దిగింది. రోజు మొత్తానికి, అన్నీ కలిపి, లీటరుకు మించి ఏమీ తాగొద్దని డాక్టరమ్మ చెప్పింది. అన్నీ కలిపి అంటే చాయ, మజ్జిగ, చారు, బత్తాయి రసం కూడా లెక్కే. మా వైపు రోగిని చూడబోయేవాళ్లకు బత్తాయి తప్ప ఇంకో పండు తోచదు. జీవితమంతా బత్తాయి తోటలో గడిపిన మనిషికి ఇప్పుడు ఆ పండు వాసన ఒక్కటే దక్కుతోంది.

ఆసుపత్రి కిటికీ బయట హనుమకొండలో ఎండ ఇంకా దిగలేదు. పెద్దబాపు సీసా వైపు చూశాడు, పెద్దమ్మ వైపు చూశాడు.

"ఏమే, ఒక్క గుక్క."

"మూడో గీత నాలుగు గంటలకు. ఇంక నాలుగు గాలే."

"నన్ను ఎండగడ్తానవా?"

"ఔ."

"ఎండగడితే నాకు పూత వస్తదా?"

పెద్దమ్మ నవ్వలేదు. "వస్తే మంచిదే. సూద్దాం" అంది. అప్పుడు పెద్దబాపే ముందు నవ్వాడు, తర్వాత నేను, చివరికి ఆమె. బీపీ చూడ్డానికి వచ్చిన సిస్టరు మా ముగ్గురి ముఖాలూ చూసి, ఇదేదో ఇంటి విషయమనుకుని పట్టీ బిగించడంలో పడింది. ఇంటి విషయమే. చెప్పాలంటే ఆరేళ్ల కిందటి ఒక చలికాలానికి పోవాలి.

మరిపెడ దాటాక రోడ్డుకు కాస్త లోపలగా, ఎర్ర చెల్క నేలలో పెద్దబాపు తోట ఉంది. నాలుగు ఎకరాలు, అంతా బత్తాయి. ఆయనా పెద్దమ్మా కలిసి నాటినవే అన్నీ. ఆ నేలలో ఆయన వేయించిన బోర్లలో నీళ్లు పడినవాటికన్నా దుమ్ము లేచినవే ఎక్కువ. నా చిన్నప్పటి వేసవుల్లో ఆ తోటకు ట్యాంకరు వచ్చేది. పెద్దమ్మ బకెట్లతో ఒక్కో చెట్టు మొదట్లో పోసేది. బకెట్టు వంచేటప్పుడు చివర్లో ఒకసారి అడుగు మీద తట్టేది, చుక్క కూడా మిగలకుండా. ఆ చప్పుడు నాకింకా వినబడుతుంది. పెద్దబాపు పొద్దున లేవగానే దేవుడికి మొక్కేవాడు కాదు, బోరు పైపుకు చెవి ఆనించేవాడు. లోపల నీళ్లెంత లోతున ఉన్నాయో ఆయనకు వినబడేదట. మాకెవరికీ వినబడలేదు. అట్లా ఉన్న రోజుల్లోనే తోట విరగకాసింది. చలికాలంలో బోరు ఎగబోసి ఆగిపోయేది, చెట్లు వాడిపోయేవి. అప్పూ సప్పూ చేసి ఎట్లాగో నీళ్లు తెస్తే చెట్టంతా తెల్లగా పూసేది. వాళ్లు కరువును తిట్టుకుంటూనే కాయలు కోసుకున్నారు. ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ పట్టలేదు.

తర్వాత కాలువ వచ్చింది. ఊరి చెరువు నిండింది, బోర్లు ఊరాయి. కరెంటు పూటపూటకూ పోవడం మానేసింది. పెద్దబాపు మోటరుకు ఆటో స్టార్టరు పెట్టించాడు. కరెంటు ఉన్నంతసేపూ మోటరు దానంతటదే నడిచేది. పైపు మూతి దగ్గర కూర్చుని, నీళ్లు పడుతుంటే చూడటం ఆయనకో పనైంది. తోట నల్లగా కనిపించేంత పచ్చబడింది. దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చూపించేవాడు. పెళ్లిసంబంధాల వాళ్లు పిల్లను చూపించినట్లు ఒక్కో చెట్టునూ ఇటు తిప్పీ అటు తిప్పీ చూపించలేకపోయాడు గానీ, వాళ్లనే చెట్టు చుట్టూ తిప్పేవాడు. కొమ్మలు పెరిగాయి, ఆకులు అరచేయంత అయ్యాయి. పూత మాత్రం ఇక్కడ నాలుగు, అక్కడ ఆరు. మొదటి ఏడు దిష్టి అన్నారు. రెండో ఏడు ఎరువు చాలలేదన్నారు. మూడో ఏడు అన్న, అంటే వాళ్ల ఒక్కగానొక్క కొడుకు, తోట తీసేద్దామన్నాడు. అన్నకు మరిపెడ రోడ్డు మీద పురుగుమందుల దుకాణం ఉంది. దుకాణానికి వచ్చే రైతులంతా ఆయిల్‌పామ్ గురించే మాట్లాడుతున్నారట.

"శివరాత్రి దాక సూస్త బాపూ. పూత కనబడకపోతే జేసీబీని పిలుస్త. నువ్వేమనొద్దు" అన్నాడు.

పెద్దబాపు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చెమట లేని ముఖాన్ని అంతసేపు తుడుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నేనప్పుడు వ్యవసాయ ఇంజినీరింగు పూర్తిచేసి, ఉద్యోగంలో చేరే తేదీ కోసం ఎదురుచూస్తూ వాళ్లింట్లోనే ఉన్నాను. ఏ విషయమైనా ఒకటి, రెండు, మూడు అని చెప్పకపోతే నాకే అర్థం కాదు. ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని పూత రాకపోవడానికి కారణాలు చెప్పాను. ఒకటి, నత్రజని ఎక్కువ కావడం. రెండు, కొమ్మలు దట్టమై లోపలికి ఎండ పోకపోవడం. మూడు, సూక్ష్మపోషకాలు. నాలుగు, నీళ్లు ఎక్కువ కావడం. చెట్టుకు నీళ్లు ఆగకుండా అందితే కొత్త చిగుళ్లు వేస్తూనే పోతుంది, చేసుకున్న బువ్వంతా పెరగడానికే ఖర్చు పెడుతుంది. నీళ్లు ఆపితే పెరగడం ఆగుతుంది, ఆ బువ్వ కొమ్మల్లోనే నిలవ ఉంటుంది, మొగ్గలు పూతవైపు తిరుగుతాయి. అప్పుడు తడిస్తే అన్నీ ఒక్కసారే విచ్చుకుంటాయి. చలి కూడా సాయం చేస్తుంది. దీన్నే ఎండగట్టడం అంటారు. ఇంత చెప్పి ఊపిరి తీసుకున్నాను.

పెద్దమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "నాలుగోది ముందుగాల జెప్పరాదు కొడుకా! గా మూడిటికి పొద్దుగూకె" అంది. తర్వాత చేతిలో కాయను అట్లాగే పట్టుకుని తోటవైపు చూసింది. "గంతే. నీళ్లు లేన్నాడే కాసినయ్" అంది మెల్లగా.

పెద్దబాపుకు అర్థం కాక కాదు. నాకన్నా ముందే అర్థమైనట్లుంది. కానీ ఆయన అన్నమాట వేరు. "నీళ్లకు ఏడ్చి ఏడ్చి ఇన్నొద్దులకు నీళ్లు జూసిన. ఇప్పుడు ఉన్న నీళ్లు నా చేతులతోటి బందు పెట్టాల్నా? మనింటికి ఎవలన్న వస్తే ముందుగాల చెంబుల నీళ్లిస్తం. గియ్యి ఇరవై ఏండ్ల సంది మనింట్లనే ఉంటానయ్."

అయినా ఒప్పుకున్నాడు. జేసీబీ మాట ఆయన చెవిలో అప్పటికే తిరుగుతోంది. కార్తీక పున్నమి పోగానే మోటరు బందు పెట్టాం. మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే మోటరు చప్పుడు. పరుగెత్తాను. "పైపులు కడుగుతాన" అన్నాడు. ఇంకో రోజు, "మోటరు నడవకుంటే తుప్పు పడ్తది." మరో రోజు ఏ సాకూ దొరకలేదు కాబోలు, నన్ను చూసి, "నాకే దూపైతాంది, చెట్లకు గాదా?" అన్నాడు. ఆ దాహం మాట పెద్దమ్మ విన్నది. నేరుగా మోటరు గదికి పోయింది. కట్టెతో మెయిన్ దించి, డబ్బాలోంచి తెల్ల పింగాణీ ఫ్యూజులు మూడూ పీకి, కొంగున వేసి రెండు ముళ్లు బిగించింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక కొత్త చప్పుడు మొదలైంది. పెద్దమ్మ వంగితే టిక్కు, లేస్తే టిక్కు, రొట్టె చేస్తుంటే పెనం పక్కన టిక్కు టిక్కు. ఆమె ఏ గదిలో ఉన్నదీ చూడకుండానే తెలిసేది. పెద్దబాపు ముందు బతిమాలాడు, తర్వాత అలిగాడు. బియ్యం డబ్బాలో వెతికినట్లు నటించి ఆమెను నవ్వించాలని చూశాడు. ఫ్యూజులు కొంగున ఉన్నాయని ఆయనకూ తెలుసు, ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. కొంగు ముడి మీద చెయ్యి వేసే ధైర్యం మాత్రం ఆయనకు లేదు. డోర్నకల్‌లో మా బంధువుల పెళ్లికి పోయినప్పుడు కూడా పట్టుచీర కొంగుకు అవే. బంతిలో పక్కన కూర్చున్న చెల్లెలి వరసావిడ కొంగు బరువు చూసి, "ఏం గట్టుకున్నవ్ అక్కా, బంగారమా?" అని అడిగింది.

"మా ఆయన పానం" అంది పెద్దమ్మ, పప్పు కలుపుకుంటూ.

ఆ వారాలు తల్చుకుంటే నాకు కల గుర్తొచ్చినట్లే ఉంటుంది. మంచు తెర తీసేసరికి తోట రంగు మారిపోయి ఉండేది. మొదట ఆకుల మీద నిగనిగ పోయింది. తర్వాత ఆకులు లోపలికి ముడుచుకున్నాయి, దోసిలి పట్టినట్లు. మధ్యాహ్నం గాలి ఆగినప్పుడు నాలుగెకరాలూ ఊపిరి బిగబట్టినట్లుండేది. పక్షులు కూడా తక్కువ మాట్లాడేవి. మోటరు చప్పుడుకు మూడేళ్లుగా అలవాటుపడిన చెవులకు ఆ నిశ్శబ్దం మొదట భయపెట్టింది, తర్వాత నిద్ర తెప్పించింది. నడుస్తుంటే కాళ్ల కింద ఎండుటాకులు పెళపెళమనేవి. ముదురాకులు ఒక్కొక్కటే పసుపు తిరిగి, ఎవరో మెట్లు దిగినట్లు కొమ్మ మీంచి కొమ్మ మీదికి ఆగి ఆగి రాలేవి. ఎండిన ఆకు నలిపితే చేదుగా, పాత పెట్టె తెరిచినట్లు వాసన వచ్చేది. అంత ఎండులోనూ ఆ వాసనలో అడుగున బత్తాయి ఉంది. పెద్దమ్మ రోజూ పొద్దున్నే ఒక ఆకు తెంపి చెంపకు ఆనించుకునేది. చల్లగా తగిలితే, "ఇంక ఉన్నది నీళ్లు" అనేది. నేను నా పద్ధతిలో కొమ్మ మీద గోటితో గీసి లోపల పచ్చగా ఉందో లేదో చూసేవాణ్ణి. ఎండగట్టడంలో కష్టం ఆపడం కాదు, ఎప్పుడు చాలించాలో తెలుసుకోవడం. తొందరపడితే పూత రాదు. ఆలస్యమైతే కొమ్మలే ఎండిపోతాయి, ఇక జేసీబీ పని చెట్టే చేసుకుంటుంది.

పెద్దబాపు ఆ రోజుల్లో తోటలోకి రావడం తగ్గించాడు. వస్తే మోటరు గది ముందు మూలచెట్టు నీడలో కూర్చునేవాడు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకునేవాడు. తోట వైపు వీపు పెట్టి తినేవాడు. "సస్తానయ్ రా అవ్వి" అనేవాడు నాతో, రహస్యం చెప్పినట్లు. "నువ్వు సదువుకున్నోనివి, పెద్దమ్మకు జర జెప్పు." నేను గోటితో గీసిన కొమ్మ చూపిస్తే కళ్లజోడు తీసి చూసేవాడు, పెట్టుకుని చూసేవాడు. పచ్చగా ఉన్న సంగతి ఒప్పుకునేవాడు, నమ్మేవాడు కాదు.

ఒక పొద్దున పెద్దమ్మ చెంపకు ఆనించుకున్న ఆకు వెచ్చగా తగిలిందట. ఇంటికి వచ్చి, పెద్దబాపు ముందు నిలబడి కొంగు ముడి విప్పింది. మూడు ఫ్యూజులు ఆయన అరచేతిలో పెట్టింది. "మెల్లగ. మొదలు నాలుక తడిసేటంతే. కడుపు నిండ ఇయ్యకు" అంది. నేను చెప్పాల్సింది అదే: మొదటి తడి తేలిగ్గా, తర్వాత మెల్లమెల్లగా పెంచాలి, లేకపోతే చిగురు దూకి పూత రాలిపోతుంది. నా వాక్యం పొడుగ్గా ఉండేది. పైపులో నీళ్లు రాగానే నేల చేసిన చప్పుడు, వేడి పెనం మీద నీళ్లు చల్లినట్లు, చాలా చిన్నగా, తోటంతా. పెద్దబాపు చెప్పులు విడిచి ఆ తడిలో నిలబడ్డాడు.

ఆ తర్వాత ఏమీ కాలేదు. రోజులు పోయాయి. ఆకులు విప్పుకున్నాయి, అంతే. శివరాత్రి దగ్గర పడింది. అన్న జేసీబీ వాడితో ఫోన్లో మాట్లాడుతుంటే పెద్దమ్మ గిన్నెలు గట్టిగా పెట్టేది. కొంగు చప్పుడు లేని ఇల్లు బోసిగా ఉంది. నేను ప్రతి వరసా తిరిగి కొమ్మల చివర్లు చూసేవాణ్ణి. ఒకనాడు ఆకు మొదట్లో సజ్జగింజంత తెలుపు కనిపించింది. చిగురో పూతో తెలియలేదు. నోరు విప్పి చెప్పడానికి భయమేసి ఇంకో రోజు, ఇంకో రోజు అని ఆగుతూ పోయాను.

చెప్పాల్సిన అవసరం రాలేదు. శివరాత్రికి ముందు వారం అన్న, జేసీబీ డ్రైవరుకు పొలం చూపిద్దామని బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. రోడ్డు మలుపు దగ్గరే బండి ఆపేశాడట. పొద్దెక్కి మంచు కరుగుతోంది, గాలి ఇటునుంచి అటు వీస్తోంది. తోట కనిపించకముందే వాసన ఎదురొచ్చింది. బత్తాయి పూత వాసన మల్లెల్లా మీద పడదు, సంపెంగలా తల తిప్పదు. తియ్యగా, తడిగా, ఎవరో పిలిచి ఊరుకున్నట్లుంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు, మళ్లీ రెండడుగులు వేస్తే మళ్లీ పిలుస్తుంది. వాళ్లిద్దరూ బండి తోసుకుంటూ లోపలికి వచ్చారు. ప్రతి చెట్టూ తెల్లగా ఉంది. ఎండకు లేచిన తేనెటీగల మోత మోటరు చప్పుడును మించిపోయింది. రాలిన రెక్కలు ఎర్ర నేల మీద, పైపుల మీద, పెద్దబాపు భుజాల మీద. ఆయన తోట మధ్యలో, ఏదో మరిచిపోయి వచ్చినవాడిలా నిలబడి ఉన్నాడు.

డ్రైవరు కాసేపు చూసి, "అన్నా, గిది నేను తియ్యనే. ఇంకెవలనన్న సూస్కో" అన్నాడు. నాలుగు పూలు ఏరి చొక్కా జేబులో వేసుకుని, అన్న కోసం ఆగకుండా నడుచుకుంటూ రోడ్డెక్కాడు. అన్న పోయి తండ్రి ముందు నిలబడ్డాడు. "ఈసారికి ఉండనీ బాపూ" అన్నాడు. ఆ 'ఈసారి' ఇప్పటికీ నడుస్తోంది.

నేను మాత్రం నా అలవాటు ప్రకారం వరసవరసా తిరిగి చూస్తున్నాను. ఒక్క చెట్టుకు పూత లేదు. మోటరు గది ముందున్న మూలచెట్టు. నల్లగా, నిండుగా, మెరిసిపోతూ ఉంది, ఒక్క పువ్వు లేదు. తెగులేమో అనుకున్నాను. వేరు లోతేమో, పైపు కారుతోందేమో అనుకుని అవన్నీ చూశాను. పెద్దమ్మ వచ్చి చెట్టును ఒకసారి చూసింది. గది గోడ వెనక బోర్లించిన బిందెను ఒకసారి చూసింది. ఇంట్లో నల్లా దగ్గర ఉండాల్సిన బిందె అది, అడుగున ఎర్రమట్టి అంటుకుని ఉంది.

"ఏందయ్యా?" అంది.

పెద్దబాపు తువ్వాల తీశాడు, ముఖం తుడుచుకోవడానికి. ఈసారి నిజంగానే చెమట పట్టింది. "నా అన్నం కాడ ఎదురుంగ ఉంటది అది. నేను బువ్వ తినంగ నా మొకం జూస్తది. ఎట్ల తినాలె చెప్పు?" అన్నాడు.

పెద్దమ్మ మూలచెట్టు కింద కూలబడి నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "నాలుగెకరాలు నేను గెలిసిన. ఒక్క చెట్టు నువ్వు గెలిసినవ్ పో" అంది. ఆ ఏడు కాయలు మోసే మనుషులు తోటంతా తిరిగి చివరికి ఆ చెట్టు కిందే సేదతీరేవాళ్లు. అన్ని చెట్లకన్నా దాని నీడ చిక్కన. ఆ తర్వాత ప్రతి చలికాలం తోటను ఎండగడుతున్నారు, మూలచెట్టును తప్ప. దాని మీద ఎవరూ మాట్లాడుకోలేదు. ఎవరూ పెట్టకుండానే అది నియమమైపోయింది.

గదిలో ఎండ మంచం కాళ్ల దాకా జరిగింది. నాలుగైంది. పెద్దమ్మ సీసాలో నీళ్లు మూడో గీతకు దిగేదాకా గ్లాసులో పోసింది, ఆయన ఒక్కో గుక్కా నోట్లో ఉంచుకుని మింగాడు. ఆరింటికి చివరి గీత కూడా అయిపోయింది. సీసా ఖాళీ. పెద్దమ్మ అలవాటుగా సీసా అడుగు మీద ఒకసారి తట్టింది. పెద్దబాపు ఏమీ అడగలేదు. కిటికీ గట్టు మీది బత్తాయిల వైపు తిరిగి పడుకున్నాడు, పెదాలు పొడిగా ఉన్నాయి, దోసిలి పట్టిన ఆకుల్లా. ఊపిరి మాత్రం నిన్నటికన్నా తేలిగ్గా ఉంది. కాళ్ల వాపు తగ్గిందని పొద్దున డాక్టరమ్మ నొక్కి చూసి చెప్పింది.

పెద్దమ్మ నావైపు చూసింది, తలుపు వైపు చూసింది. తర్వాత నేను తాగే నీళ్ల సీసా అందుకుంది. మూత తిప్పి, ఆ మూతలోకే వంచి, ఆయన పెదాల దగ్గర పెట్టింది. ఇంకోసారి నింపింది.

"ఏందే ఇది?" అన్నాడు పెద్దబాపు, కళ్లు తెరవకుండానే.

"మూలచెట్టుకు" అంది.

సిస్టరు లోపలికి వచ్చి, "అమ్మా, ఇవ్వాళ ఎంత తాగిండు?" అని అడిగింది. "లీటరే బిడ్డా. సీసా సూడు" అని పెద్దమ్మ ఖాళీ సీసా ఎత్తి చూపించింది. ముఖంలో ఏమీ లేదు. సిస్టరు రాసుకుని వెళ్లిపోయింది. కిటికీలోంచి వచ్చిన చల్లగాలికి గదిలోని బత్తాయిలన్నీ ఒక్కసారి వాసన వేశాయి. ఆరేళ్ల కిందటి ఆ చలికాలం ఎప్పుడో అయిపోయిందనుకున్నాను గానీ, కొన్ని కాలాలు అయిపోవు, మనుషుల మధ్య మెల్లగా తడిస్తూ ఉంటాయి. మూతకు ఐదు మిల్లీలీటర్లు పడతాయి. ఆ రోజు పెద్దబాపు తాగిన నీళ్లు వెయ్యిన్ని పది మిల్లీలీటర్లు.